మెతుకుసీమలో రాతిమందిరము

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్రవ్యాస మొకటి కావలెనని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, నేనేదో కోటను గూర్చియో, రాజవంశమును గూర్చియో వ్రాయుదునని వారనుకొనియుందురు. నేను మెదకు చర్చిని గూర్చి వ్రాయదలచితిని. ఇందుకు కారణము మన పఠనమందిరములోనే విన్న ఒక సంభాషణ. ఒక సాయంకాలము పత్రికలో ఆ చర్చి బొమ్మను చూచుచు ఒక పెద్దాయన, "చుట్టును పూరిండ్లు, నడుమ ఇంతటి కట్టడమా! ఆ సొమ్ముతో ఎందరికి కూడు పెట్టవచ్చునో!" అనెను. ప్రక్కన కూర్చున్న పిల్లవాడు, "కూటికి లేనివానికి కన్నులు లేవా, తాతా?" అని యడిగెను. పెద్దాయన నవ్వి ఊరకుండెను. ప్రశ్న మాత్రము నన్ను విడువలేదు.

ఈ తగవు నేటిది కాదు. క్రీస్తుశకము నాలుగవ శతాబ్దిలో అంతియొకయ పట్టణమున బోధించిన యోహాను క్రిసోస్తము, దేవుని బల్లకు బంగారుపాత్రలు అర్పించి, వాకిట చలికి వణకు దరిద్రుని దాటిపోవుట భక్తి కాదని తన సంఘమును మందలించెను. 12వ శతాబ్దిలో ఫ్రాన్సుదేశపు సన్యాసి బెర్నార్డు మఠములలోని చెక్కడములను, పూతలను చూచి, గోడలకు బంగారము తొడిగి బిడ్డలను బట్టలేక విడిచిపెట్టుచున్నారని నిష్ఠురముగా వ్రాసెను. ఇంచుమించు ఆ కాలముననే, 1140-44 నడుమ, పారిసు చెంతనున్న సెయింట్ డెనీ మఠాధిపతి సూజే తన మందిరపు తూర్పుభాగమును రంగుటద్దములతో తిరిగి కట్టించెను. కంటికి గోచరించు వెలుగే మనస్సును అగోచరమైన వెలుగువైపు నడపునని ఆయన వాదము. గోథిక్ అను శిల్పరీతి అక్కడనే పుట్టినదని చరిత్రకారులందురు. మెదకు చర్చియు ఆ రీతి ననుసరించినదే. అనగా బెర్నార్డు, సూజేల తగవు ఎనిమిదివందల యేండ్లకు మన మంజీరా ప్రాంతమునకు వచ్చి చేరినదన్నమాట.

మెదకునకు మెతుకుసీమ, మెతుకుదుర్గము అని పూర్వనామములు. వరి చక్కగా పండు నేల గనుక ఆ పేరు వచ్చినదందురు. చర్చి కట్టిన కాలమున ఆకలిగొన్నవారికి మెతుకులు దొరికినవి గనుక మెదకైనదని ఎవరైన చెప్పినచో నమ్మరాదు. ఊరిపేరు చర్చికంటె ఎంతో పాతది. అయినను, మెతుకు పేరు పెట్టుకొన్న సీమలోనే మెతుకు కరవగుట, ఆ కరవులోనే ఈ కట్టడము లేచుట, తలచుకొన్నప్పుడెల్ల మనస్సును పట్టి నిలుపును.

వెస్లియన్ మెథడిస్టు మిషనుకు చెందిన చార్లెస్ వాకర్ పాస్నెట్టు అను ఆంగ్లేయుడు 1895లో సికింద్రాబాదు చేరెను. మొదట తిరుమలగిరిలోని ఆంగ్లసైనికులకు బోధకుడుగా నుండెను. దండులో పని ఆయన మనస్సునకు నచ్చలేదు. పల్లెలవైపు చూపు మరల్చి, మరుసటి యేట గుఱ్ఱముపై మెదకు వచ్చెను. అప్పటికి ఆ దారిని రైలు లేదు, రెండుదినముల ప్రయాణము. ఆ ప్రాంతమంతటిలో క్రైస్తవులు రెండువందలమంది యున్నారో లేదో. క్రమముగా పాఠశాలయు వైద్యశాలయు వెలసినవి. ప్రార్థనలు మాత్రము చిన్న పెంకుటింట జరుగుచుండెను. దేవుని మహిమకు ఈ యిల్లు చాలదని పాస్నెట్టు తలచెనని చెప్పుదురు.

ఆ పెంకుటింటికి వచ్చువారెవరు? ఎక్కువభాగము మాలపల్లెల, మాదిగవాడల జనము. నైజాము తెలంగాణమున వెట్టి యనగా నేమో మన పెద్దలకు చెప్పనక్కరలేదు. పిలిచినప్పుడెల్ల పోవలెను, ఇచ్చినది పుచ్చుకొనవలెను, ఇయ్యకున్న ఊరకుండవలెను. ఊరిబావిలో చేద వేయరాదు. ఊరిగుడి గడప త్రొక్కరాదు. ఉత్సవమునాడు దూరమున నిలిచి గోపురమునకు మ్రొక్కవలెను. చక్కని చెక్కడము, చల్లని మండపము, దీపముల వరుస, మేళము, పాట, ఇవన్నియు వారి యూరిలోనే యుండెను. వారికి మాత్రము లేవు. వారి తాతముత్తాతలలో ఎందరో ఆ గుళ్లకు మట్టి త్రవ్వియుందురు, రాళ్లు మోసియుందురు. కట్టడము పూర్తియైన దినమున వారు బయటివారైరి. ఈ సంగతిని విడిచిపెట్టి మెదకు చర్చికైన ఖర్చును మాత్రమే లెక్కించువారు సగము లెక్కయే వేయుచున్నారని నా తలంపు.

1914లో పని మొదలయ్యెను. ఆ యేటనే ఐరోపాలో మహాయుద్ధము చెలరేగెను. బట్ట మొదలు కిరసనాయిలు వరకు అన్నిటి వెలలు పెరిగెను. 1918లో దేశమున చాల ప్రాంతములలో వానలు తప్పెను. అదే యేట విషజ్వరము, ఇన్ఫ్లూయెంజా అనబడునది, ఇల్లిల్లు తిరిగి జనమును కోసివేసెను. పొలముపై కూలి లేక, చేతిలో గింజ లేక, పల్లెలవారు దిక్కులు చూచుచున్న దినములవి. పాస్నెట్టు ఆ జనమును చర్చిపనికి పిలిచెను. పనిచేసినవారికి తిండి. ఊరక పంచిపెట్టుట కాదు, భిక్షయును కాదు, కష్టమునకు ప్రతిఫలము. మెదకు ప్రాంతమున నేటికిని ఈ కథను చెప్పుకొందురు. చర్చిని చూడబోయినవారికి మొదట వినబడునది ఇదియే.

కరవునాడు పని కల్పించుట క్రొత్త ఉపాయము కాదు. ఆంగ్లప్రభుత్వపు జిల్లాలలో కరవుపనులనగా కంకర కొట్టుట, బాటలు వేయుట, చెరువుకట్టలకు మట్టి పోయుట. 1784 ప్రాంతమున అవధ్ నవాబు ఆసఫుద్దౌలా లక్నోలో పెద్ద ఇమాంబాడా కట్టించినదియు కరవులో ప్రజలకు పని చూపుటకే. పగలు కూలివాండ్రు కట్టినదానిని రాత్రి కొంత పడగొట్టించి పనిని పొడిగించెనని అక్కడ కథ. మంచివాడు చేసిన పనికి మంచికథ తోడగుట లోకసహజము. అయితే కంకర కొట్టినవానికి, ఇమాంబాడా కట్టినవానికి భేదమొకటి కలదు. కంకర బాటలో కలిసిపోవును. దానిపై బండ్లు పోవును. కట్టడము నిలిచియుండును. "ఇది మా చేతులమీదుగా లేచినది" అని కొడుకునకు చూపించుటకు వీలగును.

అట్టి కట్టడమునకు ఎంత పని కావలెనో ఇంటిపని చేయించినవారు ఊహింపగలరు. నల్లసేనపురాతి నేలలలో రాయికి కొదువ లేదు. దానిని చీల్చుటకు మాత్రము ఓపిక కావలెను. బండను చూచి, చీలిక పట్టుదారి నెరిగి, వరుసగా గుంటలు తొలిచి, మేకులు దిగగొట్టి, మెల్లమెల్లగా పగులగొట్టవలెను. తరువాత కొలతకు చెక్కుట, మోయుట, పైకెత్తుట, సున్నము కలుపుట, నీరు తెచ్చుట. ఒడ్డెరలవంటి నేర్పరులు కొంతపని చేసినను, మిగిలినదంతయు సామాన్యకూలీల తలలమీదను భుజములమీదను సాగవలసినదే. ఆడువారు మోయు తట్టలు లేక మన దేశమున ఏ గోడయు లేవలేదు.

పదేండ్లు గడచెను. 1924వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన మందిరమును ప్రతిష్ఠించిరి. తెలుపుమించిన బూడిదవన్నె రాతికట్టడము. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. ముందున్న గంటల గోపురము సుమారు 175 అడుగుల యెత్తు. లోపల అయిదువేలమంది వరకు కూర్చుండుటకు చోటున్నదందురు. ఇంగ్లాండునందలి బోల్టను పట్టణపు వాస్తుశిల్పులు నమూనా గీచిరి. నేలకు పరచిన రంగుల పలకలు బ్రిటనునుండి తెప్పించి ఇటలీదేశపు పనివారిచేత పరపించిరని చెప్పుదురు. చుట్టుప్రక్కల మైళ్ల దూరమువరకు చేలు, చెట్లు, గుట్టలు. వాని నడుమ ఆ గోపురము బండిబాటనుండి మొదట ఒక సన్నని గీతవలె అగపడి, దగ్గరకు పోయినకొలది పెరుగును.

లోపల చూడవలసినవి మూడు గొప్ప రంగుటద్దముల కిటికీలు. లండనుకు చెందిన ప్రసిద్ధచిత్రకారుడు ఫ్రాంక్ సాల్స్‌బరీ వానిని రూపొందించెను. క్రీస్తు ఆరోహణమును చూపు కిటికీ 1927లోను, జననమును చూపునది 1947లోను, సిలువను చూపునది 1958లోను అమర్చబడినవి. కథావరుస తలక్రిందైనది గదా! మొదట స్వర్గారోహణము, ఇరువది యేండ్లకు జననము, మరి పదునొకండేండ్లకు మరణము. ప్రతిష్ఠదినమున ఆ కిటికీలలో ఒక్కటియు లేదు. పేదసంఘపు మందిరము సొమ్ము చేకూరినప్పుడు చేకూరినంతవరకు అలంకరించుకొనును. మన గ్రంథాలయపు బీరువాలవలెనే. ఆ గాజు పలకలకు వెనుక దీపములు లేవు. వెలుపలి ఎండయే వానికి ప్రాణము. చదువురాని ముసలమ్మకు అవియే గ్రంథము. పశులపాకలో పుట్టిన బిడ్డను, చుట్టును చేరిన గొఱ్ఱెలకాపరులను చూచి, తన బ్రదుకునకు సంబంధించినదేదో అందున్నదని ఆమె గుర్తింపకపోదు.

1924 అనగా ఎట్టి సంవత్సరమో ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొందము. ఆ యేడు మార్చి 30వ తేదీన తిరువాన్కూరు సంస్థానమున వైకోము సత్యాగ్రహము మొదలయ్యెను. గుడిలోనికి పోవుటకు కాదు సుమండీ. గుడి చుట్టునున్న బాటలమీద నడచుటకు! ఆ బాటకొరకు జనము ఎండలో, వానలో, మెడలోతు నీటిలో నిలిచిరి. సంవత్సరాంతమునకును ఆ తగవు తీరలేదు. అదే డిసెంబరులో మెదకున మాలమాదిగలు తాము రాళ్లు మోసి కట్టిన మందిరపు పెద్దవాకిటినుండి లోనికి నడచి, నడుమ కూర్చుండిరి. తిరువాన్కూరులో ఆలయప్రవేశ ప్రకటన 1936లో వచ్చెను. అస్పృశ్యతను రద్దుచేసిన రాజ్యాంగము 1950లో అమలునకు వచ్చెను. ఈ తేదీలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, ఆనాడు ఆ గడప దాటినవారికి ఆ మందిరపు అందము విలాసవస్తువుగా తోచియుండునా?

ఇంతమాత్రమున పెద్దాయన మాటను త్రోసివేయుటకు వీలులేదు. పని పదేండ్లకు ముగిసెను, ఆకలి ముగియలేదు. భూమిలేనివాడు చర్చి కట్టిన తరువాతను భూమిలేనివాడే. గీచినవారి పేరు, కట్టించినవారి పేరు పుస్తకములలో నున్నవి. తట్ట మోసినవారి పేరు ఒక్కటియు మనకు అందలేదు. కులభేదమను తెవులు చర్చిగడపవద్ద ఆగిపోయినదనియు చెప్పజాలము. దక్షిణదేశపు సంఘములలో వేరువేరు కూర్చుండుటలు, వేరువేరు గిన్నెలు ఉండెనని క్రైస్తవచరిత్రకారులే వ్రాసిరి. మఱియొక చిక్కు కలదు. మెదకు చర్చి రూపము పరదేశమునది. మన ఎండకు, మన కంటికి అలవాటైన ఆకృతి కాదు. బోల్టనులో గీచిన గీతను మెదకు రాతిలో చెక్కిరి. అందమును పేదవానికిచ్చుట మంచిదే. ఎవరి అందము నిచ్చిరి?

ఈ ప్రశ్నకు మఱియొక విధమైన సమాధానము మన తెలంగాణములోనే, నేటి మహబూబాబాదు జిల్లాలోని దోర్నకలులో, దొరకును. అచ్చటి బిషప్పు వేదనాయకము శామ్యూలు అజరయ్య తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. ఒకప్పుడు గుడిప్రవేశము లేని నాడారుల కులమునుండి వచ్చినవాడు, పల్లెబోధకుని కుమారుడు. 1909లో దోర్నకలు చేరి తెలుగు నేర్చెను. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయుడాయనయే. 1945లో ఆయన మరణించునాటికి ఆ మేత్రాసనమున క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటియుండెను. అందరును ఇంచుమించు పేదకూలీలే.

అజరయ్య పట్టుదల యేమనగా, పేదసంఘమైనను ఇచ్చుట నేర్వవలెను. ఇల్లాలు పొయ్యిమీద ఎసరు పెట్టి బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి వేరుకుండలో వేయవలెను. వారమునకొకసారి ఆ కుండ చర్చికి పోవును. పిడికెడు బియ్యము తగ్గినందున ఆ పూట ఎవరును పస్తుండరు. ఇచ్చునది కొంచెమైనను, తీసుకొనుటకే పుట్టితిమను భావము పోవును. మన యూళ్లలో పుష్కరములకు, అన్నదానములకు పిడికిటిబియ్యము ఎత్తుట పూర్వమునుండి కలదు గనుక ఈ పద్ధతి మన ఇల్లాండ్రకు వింతగా తోచియుండదు.

దోర్నకలు మందిరము మెల్లగా, చాల యేండ్లపాటు లేచెను. చేతిలో సొమ్మున్నప్పుడు పని సాగును, లేనప్పుడు ఆగును. 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠ జరిగెను. దానిని చూచినవారికి మొదట చర్చియని తోచదు. పైన గుమ్మటములు, మీనారులు. మసీదును జ్ఞప్తికి తెచ్చును. లోపల రాతిస్తంభములు, మన గుడి మండపములోనికి వచ్చితిమా అనిపించును. తామరపూవు అచ్చట సిలువకు తోడుగా నిలిచినది. క్రైస్తవుడగుటకు ఈ దేశపు శిల్పమును విడువనక్కరలేదని అజరయ్య రాతితో చెప్పించెను. కట్టడపు అందమును బట్టి రెండింటిలో ఏది మేలని నన్నడిగినచో దోర్నకలునే చెప్పుదును. కరవును మరువనీయనిది మెదకు. 1947 సెప్టెంబరు 27వ తేదీన వెస్లియనులు, ఆంగ్లికనులు మొదలగువారు కలిసి దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడినప్పుడు ఈ రెండు మందిరములును ఒకే సంఘమునకు చెందినవైనవి.

మన కాకతీయుల నాటి పెద్దలీ తగవును మఱియొక రీతిగా తీర్చుకొనిరి. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్పగుడిని కట్టించెను. దాని చెంతనే చెరువున్నది. గుడి చూచుటకు, చెరువు త్రాగుటకును పంటకును. శిల్పి ఉలిదెబ్బకు, రైతు మడినీటికి అచ్చట పోరులేదు. 2021లో ఆ గుడికి ప్రపంచవారసత్వ గౌరవము లభించెను. చెరువు మాత్రము ఏ గౌరవపత్రము లేకయే నేటికిని పొలములకు నీరిచ్చుచున్నది. అయితే ఆ గుడి నీడ అందరిపైనను సమముగా పడలేదన్న సంగతిని పైననే చెప్పితిని. మెదకున చర్చితోపాటు పాఠశాల, వైద్యశాల నడచినవి గనుక అక్కడను ఒంటి అందము మాత్రమే కాదని గ్రహింపవలెను. వైద్యశాలకు వచ్చిన రోగి బంధువులు చర్చినీడలో కూర్చుండుటయు, చర్చికి వచ్చినవారు బిడ్డను బడిలో చేర్చుటయు జరుగుచుండెను.

2024 డిసెంబరున ఆ మందిరమునకు నూరేండ్లు నిండెను. క్రిస్మసునాడు అక్కడికి పోయిచూడవలెను. క్రైస్తవులే కాదు, హిందువులు, మహమ్మదీయులును వత్తురు. పల్లెలనుండి కుటుంబములు సద్దిమూటలతో దిగి, చెట్లక్రింద చాపలు పరచుకొందురు. పిల్లలు గోపురముకేసి తలయెత్తి చూచి, టోపీ పడిపోగా ఏరుకొందురు. జాతరయే. దరిద్రుడు ఏడాదికొకసారియైనను తన బిడ్డను తీసికొని పోయి, "ఇది మనది" అని చెప్పగల గొప్ప చోటు ఊరికొకటి ఉండుట ఎంతమాత్రము తక్కువ సంగతి కాదు. ధనికునికి ఇల్లే చాలును. తలుపు మూసికొని తన అందమును తాను చూచుకొనును. పేదవాని అందమంతయు పదుగురితో కలిసి అనుభవించునదే: గుడి, చర్చి, దర్గా, చెరువుగట్టు, మఱియు ఈ సంచికను వెలువరించుచున్న మన చిన్న గ్రంథాలయము.

ఆ సాయంకాలము ప్రశ్న వేసిన పెద్దాయనకు నేనీ సంగతులన్నియు చెప్పితిని. ఆయన శ్రద్ధగా విని, "మోసినవారి పేర్లు ఎవరైన వ్రాసియుంచవలసినది" అని మాత్రమనెను. ఆ మాటకు నావద్ద బదులు లేకపోయెను.

హైదరాబాదునుండి మెదకు సుమారు నూరు కిలోమీటర్లు. పోదలచినవారు ప్రొద్దుండగనే చేరవలెను. ఎండ వాలిన పిమ్మట ఆ కిటికీలలో బొమ్మలు కనబడవు. సీసపు గీతలు, నల్లని గాజు మాత్రము మిగులును.